నర్సుల చదువు - ఇంటింటి ఆరోగ్యము

1907వ సంవత్సరమున న్యూయార్కు నగరములో, కొలంబియా విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన టీచర్సు కాలేజివారు ఒక నర్సును ఆచార్యపదవిలో నియమించిరి. ఆమె పేరు మేరీ అడిలైడ్ నటింగ్. ప్రపంచములో విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి పొందిన మొట్టమొదటి నర్సు ఆమెయే. అయితే ఆ పదవికి నాడు పెట్టిన పేరులో నర్సింగు అను మాట లేదు. సంస్థల నిర్వహణకు ఆచార్యురాలు అని మాత్రమే ఆమెను పిలిచిరి. వసతిగృహములు, భోజనశాలలు, ఆసుపత్రులు మొదలైన వానిని చక్కగా నడపుట ఎట్లో నేర్పు శాఖలో ఆమెకొక పీఠము వేసిరన్నమాట. నర్సింగు కూడ ఒక విద్యయే, దానికిని ఒక ఆచార్యస్థానము ఉండదగును అని బాహాటముగా చెప్పుటకు పెద్దలకు ఇంకను నోరు రాలేదు కాబోలు.

నేడు మన దేశములో నర్సింగు కాలేజీలు ఎన్నియో ఉన్నవి, ఆచార్యులు ఎందరో ఉన్నారు, ఇందులో ఏమంత విశేషము అని శ్రోతలు అనుకొనవచ్చును. దాని విలువ తెలియవలెనన్నచో, అంతకు ముందు నర్సుల చదువు ఏ విధముగా సాగెడిదో కొంచెము తెలిసికొనవలెను.

ఫ్లారెన్సు నైటింగేలు 1860లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రిలో నర్సుల పాఠశాలను స్థాపించినప్పుడు, ఆ పాఠశాలకు ప్రత్యేకముగా ఒక నిధి ఉండెను. క్రిమియా యుద్ధములో ఆమె చేసిన సేవకు కృతజ్ఞతగా ప్రజలు చందాలు వేసికొని కూర్చిన సొమ్మది. శిక్షణ పొందు బాలికల ఖర్చును ఆ నిధియే భరించెడిది. ఈ చిన్న విషయమును శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. 1873లో అమెరికాలో న్యూయార్కు, న్యూహేవెను, బోస్టను నగరములలో మూడు నర్సింగు పాఠశాలలు ఆరంభమైనవి. నైటింగేలు అడుగుజాడలలో నడువవలెనని వానిని స్థాపించిన వారి ఆశయము. ఆశయము వచ్చినది కాని నిధి రాలేదు. కొలదికాలములోనే ఆ పాఠశాలలు, వానిని చూచి పుట్టిన ఇతర పాఠశాలలు, పూర్తిగా ఆసుపత్రుల చేతిలోనికి పోయినవి.

ఆసుపత్రి అధికారి కంటితో ఈ లెక్కను చూడుడు. వార్డులో రోగులను చూచుటకు మనుషులు కావలెను. చదివిన నర్సులను జీతమిచ్చి పెట్టుకొన్నచో ఖర్చు ఎక్కువ. అదే ఒక పాఠశాల అని బోర్డు కట్టినచో, ఇరువదియేండ్ల బాలికలు తమంత తామే వచ్చి చేరుదురు. వారికి తిండి, బస, దుస్తులు ఇచ్చి, చేతిఖర్చులకు నెలకు కొన్ని డాలర్లు ఇచ్చినచో చాలును. పగలును రాత్రియు వార్డులన్నియు వారే నడపుదురు. చదువు ముగిసిన మరునాడు వారిని సాగనంపి క్రొత్త బాలికలను చేర్చుకొనవచ్చును. అట్లు సాగనంపబడిన నర్సులు ధనికుల ఇండ్లకు పోయి, ఇంటికొక రోగి చొప్పున సేవ చేసి పొట్టపోసికొనెడివారు. ఈ లెక్క ఎంత బాగుగా కుదిరినదనగా, 1873లో మూడు పాఠశాలలు ఉన్న దేశములో 1910 నాటికి వేయికి పైగా లేచినవి. పది ఇరువది మంచములు గల చిన్న ఆసుపత్రులు సైతము పాఠశాలలను నడపజొచ్చినవి.

మరి చదువు? ఉదయము ఏడు గంటలకు వార్డులో నిలబడిన బాలిక రాత్రి ఏడు గంటల వరకు అక్కడనే ఉండెడిది. భోజనమైన తరువాత ఒక డాక్టరుగారు, తమకు తీరిక చిక్కిన దినమున వచ్చి, గంటసేపు ఉపన్యసించెడివారు. నడుము నొప్పులతో, మూతపడు కన్నులతో ఆ బాలిక వినినదెంతయో, ఒంటబట్టినదెంతయో మనము ఊహింపవచ్చును. రోగులు ఎక్కువైన దినమున ఆ ఉపన్యాసమును లేదు. పరీక్ష తప్పినవారు అరుదు. పని తప్పినవారే ఇంటికి పోవలసివచ్చెడిది.

కుమారి నటింగ్ ఈ లోకములో అడుగుపెట్టునాటికి చిన్నపిల్ల కాదు. ఆమె 1858వ సంవత్సరము నవంబరు 1వ తేదీన కెనడా దేశమున, క్విబెక్ రాష్ట్రములోని ఒక పల్లెలో జన్మించినది. తండ్రి న్యాయస్థానములో గుమాస్తా. సంగీతము, చిత్రలేఖనము నేర్చినది. కొంతకాలము బాలికలకు సంగీతము చెప్పినది. 1889లో బాల్టిమోరు నగరమున జాన్సు హాప్కిన్సు ఆసుపత్రి తెరువబడి, ఆ యేడే దానికి చేరువగా నర్సింగు పాఠశాల మొదలైనప్పుడు, ముప్పదియేండ్ల వయస్సున వచ్చి మొదటి తరగతిలో చేరినది. 1891లో చదువు ముగించి అక్కడనే పనికి కుదిరినది. పాఠశాల సూపరింటెండెంటు ఇసబెల్ హాంప్టన్ మహా దక్షురాలు. 1894లో ఆమె వివాహము చేసికొని వెడలిపోగా, ఆ స్థానము కుమారి నటింగుకు దక్కినది. నాటి ఆచారము ప్రకారము పెండ్లియైన స్త్రీ ఉద్యోగమున ఉండుట లేదు. ఆ ఆచారము ఎందరి ప్రతిభను ఇంటికి పంపినదో లెక్కించినవారు లేరు.

పదవి చేతికి వచ్చిన కొలదికాలమునకే, 1895-96 సంవత్సరములలో, ఆమె మూడు మార్పులను ఒక్కసారిగా తలపెట్టెను. రెండేండ్ల చదువును మూడేండ్లు చేసెను. విద్యార్థినుల పనివేళను దినమునకు ఎనిమిది గంటలకు తగ్గించెను. నెలనెల ఇచ్చు డబ్బును తీసివేసి, ఆ సొమ్ముతో విద్యార్థివేతనములను, బోధనకు కావలసిన సాధనములను ఏర్పరచెను. ఈ మూడింటిలో మూడవది చూచుటకు కఠినముగా కనపడును. కాని ఆమె తర్కము ఇది: జీతము వంటి సొమ్ము పుచ్చుకొన్నంతకాలము ఆ బాలిక పనిమనిషి. ఆ సొమ్మును చూపియే ఆసుపత్రి ఆమెచేత పండ్రెండు గంటలు పని చేయించుకొనుచున్నది. విద్యార్థిని అయినచో విద్యార్థిని వలెనే ఉండవలెను. ఆమెకు చదువుకొనుటకు గంటలు ఉండవలెను, చదివించుటకు ఉపాధ్యాయులు ఉండవలెను.

ఇందు ఒక చిక్కు లేకపోలేదు. నెలకు వచ్చు ఆ కొద్ది డాలర్లనే నమ్ముకొని, ఇంటినుండి కానీ సహాయము లేక వచ్చిన పేదబాలికల మాట ఏమి? విద్యార్థివేతనములు కొందరికే అందును. ఉత్తమవిద్య వైపు వేసిన ప్రతి మెట్టును పేదవారికి ఒక మెట్టు ఎత్తే. ఇక నల్లజాతి స్త్రీల విషయమన్ననో, అమెరికాలోని పెక్కు నర్సింగు పాఠశాలలు వారిని గడప తొక్కనీయలేదు. వారు తమకొరకు వేరుగా పాఠశాలలు నిర్మించుకొనవలసివచ్చినది. కుమారి నటింగు కృషిని మెచ్చుకొనునప్పుడు ఆ కృషి చేరని చోటులను మరుగుపరచుట న్యాయము కాదు.

ఈ సంస్కరణలకు పట్టిన గతి వింతగా ఉన్నది. హాప్కిన్సు పేరుగల పాఠశాల. అచ్చట జరిగినదానిని దేశమంతయు చూచుచుండెను. చూచి ఏమి చేసినది? మూడేండ్ల చదువును మాత్రము ఆసుపత్రులు సంతోషముగా అందుకొన్నవి. మూడవయేడు విద్యార్థిని పని తెలిసిన మనిషి; ఆమె ఇంకొక సంవత్సరము జీతము లేకుండ దొరకుచున్నప్పుడు ఏ అధికారి వలదనును? ఎనిమిది గంటల నియమమును మాత్రము పెక్కుమంది పట్టించుకొనలేదు. చదువుకొరకు పొడిగించిన కాలము వెట్టికొరకు ఉపయోగపడినది. పాఠశాల ఆసుపత్రికి లోబడి ఉన్నంతకాలము ఎంత మంచి నియమమైనను ఆసుపత్రి అవసరమునకు తగినట్లు వంగునని కుమారి నటింగుకు దీనితో బోధపడినది. ఆమె తరువాతి ముప్పదియేండ్ల కృషికి మూలము ఈ అనుభవమే.

1901లో ఆమె మరొక పద్ధతిని ప్రవేశపెట్టెను. అంతవరకు క్రొత్తగా చేరిన బాలికను మొదటి దినముననే వార్డులోనికి పంపెడివారు. జ్వరమనగా ఏమో, నాడి ఎందుకు చూడవలెనో తెలియకయే ఆమె రోగి మంచము ప్రక్క నిలబడెడిది. కుమారి నటింగ్ మొదటి ఆరు నెలలు వార్డుపని లేని ప్రవేశశిక్షణను ఏర్పరచెను. శరీరనిర్మాణము, శరీరధర్మములు, ఆరోగ్యసూత్రములు, ఔషధముల గుణములు, వీనితోపాటు పాకశాస్త్రము, గృహనిర్వహణము నేర్పిరి. స్కాట్లండులోని గ్లాస్గో ఆసుపత్రిలో 1893లోనే ఇట్టి ప్రయత్నము జరిగినది. వంట నేర్పుట చూచి కొందరు నవ్విరట. పథ్యము తప్పిన తరువాత మందు ఏమి చేయునని మన ఇండ్లలోని పెద్దమ్మలకు తెలిసిన సంగతి ఆ నవ్వినవారికి తెలియదు.

ఇక ఆసుపత్రి వెలుపలికి పోదము. ఈ కాలముననే న్యూయార్కులో మరొక స్త్రీ, లిలియన్ వాల్డ్, వేరొక దారిలో నడచుచుండెను. ఆమెయు నర్సే, 1891లో శిక్షణ ముగించినది. 1893లో నగరపు తూర్పుభాగమున, ఐరోపానుండి వలసవచ్చిన బీదకుటుంబముల స్త్రీలకు ఇంటిలో రోగులను ఎట్లు చూచుకొనవలెనో పాఠములు చెప్పుచుండగా, ఒక చిన్నపిల్ల వచ్చి తన తల్లికి జబ్బుగా ఉన్నదని ఆమెను పిలుచుకొనిపోయినది. రెండు గదులు, ఏడుగురు కుటుంబము, పైగా అద్దెకు చేర్చుకొన్నవారు. రెండు దినముల క్రిందట ప్రసవమైన తల్లి రక్తముతో తడిసిన ప్రక్కమీద పడియుండెను. నాటి దినమునుండి లిలియన్ వాల్డ్ ఆసుపత్రివైపు చూడలేదు. మేరీ బ్రూస్టర్ అను స్నేహితురాలితో కలిసి ఆ వాడలోనే కాపురముండి, ఇంటింటికి పోయి సేవచేయ నారంభించెను. 1895లో హెన్రీ వీధిలో ఒక ఇల్లు సమకూడెను. హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అను ప్రఖ్యాతసంస్థ అదియే. 1906లో ఈ సంస్థ ఎలిజబెత్ టైలర్ అను నల్లజాతి నర్సును నియమించి ఆ జాతివారి ఇండ్లకు పంపినది. ప్రజారోగ్య నర్సు అను మాటను వాడుకలోనికి తెచ్చినది లిలియన్ వాల్డ్ అని చెప్పుదురు.

ప్రజారోగ్య నర్సుకును వార్డు నర్సుకును భేదమేమి? వార్డులో వేడినీరు ఉన్నది, ఉతికిన దుప్పట్లు ఉన్నవి, పిలిచిన పలుకు దూరములో డాక్టరు ఉన్నాడు. రోగి మంచముమీద ఉన్నాడు, చెప్పినట్లు వినును. బీదవాని ఇంటిలో ఇవి ఏవియు లేవు. ఒక్కగదిలో అందరును ఉందురు. క్షయరోగి దగ్గి ఉమ్మిన చోటనే పసిపిల్ల ప్రాకుచుండును. నర్సు రోగిచేత వేరు పాత్రలో ఉమ్మించి, దానిని కాల్పించవలెను. కిటికీ తెరిపించవలెను, చలికాలమున కిటికీ తెరువుమన్నచో ఇంటివారికి కోపము వచ్చును. బలమైన ఆహారము పెట్టుమని చెప్పవలెను. చెప్పుటకు ముందు ఆ ఇంటి యజమాని వారపు కూలి ఎంతయో, బజారులో పాల ధర ఎంతయో ఆమెకు తెలిసియుండవలెను. తెలియక చెప్పిన సలహా హేళన వలె వినిపించును. ఆ ఇంటివారి భాష వేరు, మతము వేరు, తినదగినవి తినరానివి వేరు. ఇక్కడ ఆజ్ఞాపించిన పని జరుగదు. ఒప్పించవలెను, నేర్పవలెను, మరల మరల వచ్చి చూడవలెను. ఆమె వెళ్ళిన తరువాత ఆ పని చేయవలసినది తల్లియే కదా!

అందుచేత ప్రజారోగ్య నర్సు సగము నర్సు, సగము ఉపాధ్యాయిని. శరీరశాస్త్రముతోపాటు ఆర్థికశాస్త్రము, సమాజశాస్త్రము, బోధనాపద్ధతులు ఆమెకు కావలెను. ఆసుపత్రి పాఠశాల వీనిని నేర్పదు. నేర్పవలసిన అవసరము ఆసుపత్రికి లేదు. మరి ఎవరు నేర్పుదురు?

ఇసబెల్ హాంప్టన్, వివాహము తరువాత ఇసబెల్ హాంప్టన్ రాబ్, ఉద్యోగము విడిచినను వృత్తిని విడువలేదు. నర్సులకు ఉపాధ్యాయులుగ ఉండదగినవారిని తయారుచేయవలెనని ఆమె టీచర్సు కాలేజి డీను జేమ్సు రస్సెలును ఒప్పించెను. 1899లో అక్కడ ఒక చిన్న తరగతి ప్రారంభమయ్యెను. చేరిన విద్యార్థినులు ఇద్దరు! కుమారి నటింగు, లిలియన్ వాల్డు మొదలైనవారు వచ్చి పాఠములు చెప్పెడివారు. ఎనిమిదేండ్లకు ఆ తరగతిని నడపుటకే కుమారి నటింగును బాల్టిమోరునుండి పిలిపించి ఆచార్యురాలిని చేసిరి.

1910వ సంవత్సరము ఈ కథలో ముఖ్యమైనది. ఆ యేప్రిలులో ఇసబెల్ రాబ్ క్లీవులెండు నగరమున ట్రాము ప్రమాదములో మరణించెను. ఆగస్టులో నైటింగేలు తొంబదియేండ్ల వయస్సున కన్నుమూసెను. ఆ సంవత్సరముననే టీచర్సు కాలేజిలో నర్సింగు - ఆరోగ్యశాఖ వెలసెను. కళాశాల ధర్మకర్తలలో ఒకరగు శ్రీమతి హెలెన్ హార్ట్‌లీ జెంకిన్స్ దానికి పెద్ద విరాళమిచ్చిరి. ఆ విరాళము వచ్చుటలో లిలియన్ వాల్డ్ చేతి సహాయము ఉన్నది. నైటింగేలు పాఠశాలకు నిధి ఉండెనని ఇంతకుముందు చెప్పితిని. అర్ధశతాబ్దము తరువాత అమెరికాలో నర్సింగు విద్యకు తన సొంత సొమ్మని చెప్పుకొనదగిన మూలధనము దొరకినది. కుమారి నటింగు పదవి పేరు కూడ ఇప్పుడు మారినది. ఆమె నర్సింగు విద్యాచార్యురాలయ్యెను.

ఈ శాఖలో మూడు విధములైన వారు తయారైరి: నర్సింగు పాఠశాలలలో బోధించువారు, ఆసుపత్రులలో నర్సింగును నిర్వహించువారు, ప్రజారోగ్య నర్సులు. మూడవ తరగతివారు ఉదయము కాలేజిలో పాఠము విని, హెన్రీ వీధి నర్సులతో కలిసి ఇండ్లకు పోయెడివారు. పాఠమునకును వీధికిని దూరము తక్కువగా ఉండుటయే ఈ ఏర్పాటులోని గొప్పతనమని నా అభిప్రాయము. ఉపాధ్యాయుల కాలేజిలో నర్సులు చదువుట మొదట కొందరికి అసందర్భముగా తోచినను, నర్సు పనిలో సగము బోధనయే అని తెలిసిన తరువాత అంతకన్న తగిన చోటు మరొకటి కనపడదు.

ఇంటింటి నర్సింగు వలన కలుగు ఫలితమును చూపుటకు రెండు ఉదాహరణములు చాలును. 1902లో న్యూయార్కు బడులలో పిల్లలను డాక్టర్లు పరీక్షించి, పేలు, తామర, కంటిజబ్బులు ఉన్నవారిని ఇంటికి పంపివేయుచుండిరి. పంపుట మాత్రమే, తరువాత ఏమి చేయవలెనో చెప్పువారు లేరు. పిల్లలు వీధులలో ఆడుకొనుచు నెలల తరబడి బడి మానిరి. లిలియన్ వాల్డ్ తన సంస్థలోని లీనా రోజర్స్ అను నర్సును నాలుగు బడులకు నెలదినములు ఉచితముగా పంపెను. ఆ నర్సు బడిలోనే పుండ్లకు మందువేసి, సాయంకాలము ఇంటికి పోయి తల్లికి నేర్పినది. ఫలితము చూచి నగరపాలకులు మరికొందరు నర్సులను జీతముపై పెట్టుకొనిరి. ఏడాది తిరుగునప్పటికి ఇంటికి పంపబడు పిల్లల సంఖ్య పదవ వంతునకు దిగినది.

రెండవది 1908 వేసవి నాటిది. వేసవి వచ్చినదన్నచో అతిసారముతో పసిపిల్లలు రాలిపోయెడివారు. నగర ఆరోగ్యశాఖలోని డాక్టరు జోసెఫిన్ బేకర్ తూర్పువాడలో క్రొత్తగా పుట్టిన శిశువుల జాబితా తీసికొని, ప్రతి ఇంటికి నర్సును పంపెను. తల్లిపాలు ఇచ్చుట, గాలి తగులనిచ్చుట, పలుచని బట్టలు వేయుట, స్నానము చేయించుట, ఇంతకన్న ఆ నర్సులు నేర్పినది లేదు. మందు అనునది లేదు. ముందటి వేసవికన్న ఆ వాడలో 1,200 మరణములు తగ్గినవని డాక్టరు బేకర్ 1939లో ప్రచురించిన ఆత్మకథలో వ్రాసికొన్నది.

1909లో మెట్రోపాలిటన్ జీవితబీమా కంపెనీవారు తమ పాలసీదారుల ఇండ్లకు హెన్రీ వీధి నర్సులను పంపుటకు ఒప్పందము చేసికొనిరి. కంపెనీలు పుణ్యమునకు ఖర్చు పెట్టవు. నర్సు పోయిన ఇంటిలో చావు వాయిదా పడుచున్నదని, అందువలన తమకు లాభమని వారి లెక్కలు చెప్పినవి. ఈ ఏర్పాటు 1953 వరకు సాగినది.

ఇట్లు నర్సులు కావలెనను కోరిక నాలుగు దిక్కులనుండి వచ్చినకొలది, వారిని తయారుచేయు పాఠశాలల దుఃస్థితి బయటపడజొచ్చెను. కుమారి నటింగ్ 1912లో అమెరికా ప్రభుత్వ విద్యాశాఖ పక్షమున నర్సింగు విద్యాస్థితిపై ఒక నివేదిక ప్రకటించెను. ఆమె శైలి ఆవేశములేని శైలి. ఎన్ని గంటలు పని, ఎన్ని గంటలు పాఠము, ఎవరు చెప్పుదురు, ఎక్కడ పడుకొందురు, ఈ విషయములను పాఠశాలలనుండి రాబట్టి వరుసగా పేర్చినది. చదివినవారికి వ్యాఖ్యానము అక్కరలేకపోయెను. 1910లో వైద్యకళాశాలలపై ఫ్లెక్సనర్ వ్రాసిన నివేదిక ఎన్నో నాసిరకపు కళాశాలలను మూయించినది. నర్సింగు పాఠశాలలకును అట్టి పరిశీలన జరుగవలెనని ఆమె ఆశించినది కాని, అది జరుగుటకు ఇంకను పదేండ్లు పట్టినది.

ఈ లోపున ఆమె ఊరకుండలేదు. లావీనియా డాక్ అను నర్సుతో కలిసి నర్సింగు చరిత్రను వ్రాసినది. నాలుగు సంపుటములలో మొదటి రెండు 1907లో వెలువడినవి. తమ వృత్తికి చరిత్ర కలదని తెలియనివారు తమకు హక్కు కలదని అడుగజాలరు. 1917లో తన శిష్యురాలగు ఇసబెల్ స్టూవర్టు సహాయముతో నర్సింగు పాఠశాలలకు ప్రామాణిక పాఠ్యప్రణాళికను సిద్ధపరచినది. అదే సంవత్సరము అమెరికా యుద్ధములో దిగగా, నర్సుల సమీకరణకు ఏర్పడిన జాతీయసంఘమునకు ఆమె అధ్యక్షురాలయ్యెను. నర్సులు చాలరు కనుక శిక్షణకాలము తగ్గించి ఎవరినైనను పంపుడని ఒత్తిడి వచ్చెను. ఆమె ఒప్పుకొనలేదు. దానికి బదులు, 1918 వేసవిలో వాసర్ కళాశాలలో పట్టభద్రురాండ్రకు పండ్రెండు వారముల ప్రవేశశిక్షణ ఇచ్చి, తరువాత పూర్తిశిక్షణకై పాఠశాలలకు పంపిరి. ఆ శరత్కాలముననే ఇన్‌ఫ్లుయెంజా విరుచుకొనిపడినది. మందులేని ఆ వ్యాధిలో రోగికి దక్కినది పరిచర్య ఒక్కటియే.

యుద్ధము ముగిసిన పిమ్మట రాక్‌ఫెల్లర్ సంస్థ ఒక పరిశీలకసంఘమును నియమించెను. ప్రజారోగ్య నర్సుల శిక్షణను మాత్రమే విచారింపవలెనని మొదటి సంకల్పము. కాని ప్రజారోగ్య నర్సు ఎక్కడనుండి వచ్చును? ఆసుపత్రి పాఠశాలనుండియే. కనుక విచారణ మొత్తము నర్సింగు విద్యకు ప్రాకినది. జోసెఫిన్ గోల్డ్‌మార్క్ వ్రాసిన ఆ నివేదిక 1923లో వెలువడెను. పాఠశాలకు ప్రత్యేకనిధి ఉండవలెను. విద్యార్థిని చదువు ఆసుపత్రి అవసరమునకు బలి కారాదు. విశ్వవిద్యాలయములలో నర్సింగు విద్య బలపడవలెను అని అది తేల్చినది. ఆ యేడే యేల్ విశ్వవిద్యాలయములో అన్నీ గుడ్‌రిచ్ డీనుగా నర్సింగు పాఠశాల వెలసెను. కుమారి నటింగ్ 1925లో పదవీవిరమణ చేసి ఆచార్యపీఠమును ఇసబెల్ స్టూవర్టుకు అప్పగించెను. 1948 అక్టోబరు 3వ తేదీన ఎనుబదితొమ్మిదియేండ్ల వయస్సున మరణించెను.

ఆమె మరణమునకు రెండేండ్ల ముందు, 1946లో, మన దేశమున భోర్ సంఘము తన నివేదికను సమర్పించినది. అవిభక్త భారతదేశమునకంతకు నర్సులు 7,000 మంది. 43,000 మంది ప్రజలకు ఒక నర్సు చొప్పున అని ఆ సంఘము లెక్కకట్టెను. ఇండ్లకు పోయి తల్లులను శిశువులను చూడవలసిన ఆరోగ్యపర్యవేక్షకురాండ్రు 750 మంది మాత్రమే. ఆంధ్రదేశమున గుంటూరులో డాక్టరు అన్నా కూగ్లర్ 1898లో స్త్రీలకు శిశువులకు ఆసుపత్రి తెరచిన నాటినుండి అక్కడక్కడ మిషను ఆసుపత్రులలో నర్సులు తయారగుచునే ఉండిరి. కాని పల్లెలో ప్రసవమన్నచో మంత్రసానియే దిక్కు. 1946లోనే ఢిల్లీలోను, మన చిత్తూరునకు చేరువనున్న వేలూరులోను నర్సింగునందు పట్టపు చదువు ప్రారంభమయ్యెను. ఢిల్లీ కళాశాల, తరువాత రాజకుమారి అమృతకౌర్ పేరు వహించినది, తన విద్యార్థినులకు ఛావ్లా అను గ్రామమున క్షేత్రశిక్షణ కేంద్రము నెలకొల్పినది. హెన్రీ వీధికి బదులు ఇచ్చట పల్లె. 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది.

నేడు విజయవాడలోను, వరంగల్లులోను ఉన్న ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయములు నర్సింగునకు పట్టములిచ్చుచున్నవి. మన పల్లెలలో నర్సమ్మ అని పిలువబడు స్త్రీ టీకాలువేయుచు, గర్భిణుల పేర్లు వ్రాసికొనుచు, ఎండలో ఇంటింటికి తిరుగుచున్నది. నర్సింగు విద్యార్థినులను ఆసుపత్రి సిబ్బంది లెక్కలో చేర్చరాదని భారత నర్సింగు మండలి ప్రమాణములలో స్పష్టముగా ఉన్నది. కుమారి నటింగ్ బాల్టిమోరులో అడిగిన కోరికయే అది.

మీ ఇంటి బాలిక నర్సింగు చదువుదునన్నచో, కాలేజి భవనము ఎన్ని అంతస్తులని విచారింపకుడు. వార్డులో దినమునకు ఎన్ని గంటలు ఉంచుదురు? రాత్రి డ్యూటీ మరునాడు తరగతి ఉన్నదా, విశ్రాంతి ఉన్నదా? వార్డులో ప్రక్కన నిలబడి నేర్పు ఉపాధ్యాయిని ఉన్నదా, లేక రోగులను ఈమెకే వదలుదురా? పల్లెకు తీసికొనిపోవుదురా, పోయిన యెడల ఎన్ని వారములు? చేర్చుటకు పోయిన దినముననే ఈ ప్రశ్నలను అడుగుడు. సమాధానము కార్యాలయములోనివారు చెప్పినది ఒకసారి, మూడవయేడు చదువుచున్న బాలికలు చెప్పినది ఒకసారి వినుడు.